పుట్టి కింద వెలుతురు

బీరన్న ఇరవై ఏండ్లుగా కృష్ణానది మీద పుట్టి, వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, నడుపుతున్నాడు. 1958 ఎండలకు పుట్టికి కప్పిన తోలు పగుళ్లిచ్చింది. ఎప్పటిలాగే తారు కాచి పూశాడు. అయినా మర్నాడు నడియేట్లో నీళ్లు ఊరాయి. ఎక్కినవాళ్లు దోసిళ్లతో తోడిపోసుకుంటూ ఒడ్డుకు చేరారు. సన్నటి పగుళ్లు కనబడనంతగా చూపు తగ్గిన సంగతి అతను ఇంట్లో చెప్పలేదు.

భార్య గుర్వమ్మ పుట్టిని ఎండలో బోర్లించి, దాని కిందికి దూరింది. వెలుతురు కనబడ్డ ప్రతిచోటా లోపలినుంచి వేలితో తట్టింది.

“గీడ సన్నగ పగిలింది. జర పూయి.”

బయట తారు పట్టుకున్న బీరన్న చెయ్యి ఆగిపోయింది. “నా కండ్ల సంగతి నీకెట్ల ఎర్కైంది?”

“రెండు నెలల సంది బువ్వల రాళ్లు ఏరుతలేవు గద.”

అతను ఆ చప్పుడు వెంబడే తారు పూసుకుంటూ పోయాడు. ఆ ఏడాది నుంచి గుర్వమ్మ పుట్టిలో కూర్చుని దారి చెప్పేది, అతను తెడ్డు వేసేవాడు.