పదకొండు మీటర్ల రోడ్డు ఎవరిది

ఇది ఒక రాజ్యం చేతులు మారిన గాథ. నిజానికి ఆరు కిలోమీటర్ల రోడ్డు. కత్తులు లేవు, ఫైళ్లున్నాయి. రింగురోడ్డు వచ్చాక, సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి వెళ్లే పాత జాతీయ రహదారిలో ఈ ముక్కను నగరపాలక సంస్థకు అప్పగించాలని నిర్ణయమైంది. ఒక మే నెలలో, జాతీయ రహదారుల విభాగంలో సహాయక ఇంజనీరుగా ఉన్న నన్ను ఆ పని మీద వేశారు. కుర్రవాణ్ణి, చరిత్ర సృష్టిస్తున్నాననుకున్నాను.

పద్ధతి ఇది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు కలిసి రోడ్డంతా నడిచి లోపాల జాబితా రాస్తారు. జాబితాకెక్కినదాన్ని ఇచ్చేవారు బాగుచేసి ఇవ్వాలి. ఎక్కనిది పుచ్చుకున్నవారి ఖర్మ. అందుకే అవతలి ఇంజనీరు రమణమూర్తి గారు, శ్రీకాకుళం మనిషి, ప్రతి గుంత దగ్గరా పెళ్లిచూపులకు వచ్చినట్టు నిలబడేవారు.

చివర్లో ఒక కల్వర్టు, అంటే రోడ్డు కింద వాననీరు దాటే తూము, కూలి పూడిపోయింది. మా రికార్డు ప్రకారం మా రోడ్డు దానికి ముందే అయిపోయింది. వాళ్ల రికార్డులో వాళ్ల రోడ్డు దాన్ని దాటాక మొదలైంది. నడుమ పదకొండు మీటర్లు ఎవరికీ చెందని నేల.

"అది మీదేనండి బాబూ, మాకేటి సంబంధం?" అన్నారు మూర్తి గారు.

ఎదురుగా ఆటో సీట్లు కుట్టే గౌస్ భాయ్ దుకాణం. తూములో పోవలసిన వాననీరు ఆయన కుట్టుమిషన్ల దాకా వచ్చేది. కిందటేడు రెండు మిషన్లు పాడయ్యాయి. మళ్లీ మునిగితే దుకాణం మూసేసి, లాలాగూడలో తమ్ముడి దగ్గర పనికి చేరాలట.

"ఏందీ సార్, గిట్ల కొలుస్తుండ్రు? మీది ఈడికి ఖతం, ఆ సార్‌ది ఆడికెల్లి షురూ. నడుమల నేనొక్కన్నే ఉన్న. ఓ జెండా సుత ఇయ్యుండ్రి, నా ముల్కు నేనే ఏలుకుంట" అన్నాడు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆఫీసులో పాత కొలతల పుస్తకాలు తీశాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వాళ్లే చివరి కిలోమీటరు రాయిని పీకి, పనయ్యాక పదకొండు మీటర్లు వెనక్కి పాతారు. మేము ఆ రాయినే నమ్ముకున్నాం. మరునాడు మూర్తి గారితో కలిసి, ఆ పుస్తకాల్లో కొలత మొదలైన కూడలి నుంచి టేపు పట్టాను. తూము మాదే. జాబితాలో ఆఖరున రాసి సంతకం చేశాను.

"అడక్కుండానే ఒప్పుకున్నవాణ్ణి నిన్నే చూశానయ్యా" అన్నారు మా డిప్యూటీ ఇంజనీరు. అప్పగింత మూడు వారాలు ఆగింది. వానలకు ముందే కొత్త పైపులు పడ్డాయి.

తొలి వానకు వెళ్లి చూశాను. నీళ్లు తూములోనే పోతున్నాయి. గౌస్ భాయ్ తల ఎత్తకుండా సీటు కుడుతున్నాడు. "జెర పక్కకు జరుగుండ్రి సార్, వెలుతురు పడ్తలేదు" అన్నాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. హద్దును ఇద్దరూ కలిసి, ఒకే టేపుతో, కదలని చోటు నుంచి కొలవాలి. ఇనుప టేపు ఎండకు సాగుతుంది కనుక ఉదయం పూట కొలవడం మేలు.