కోర్టు మీద ధాన్యం, గ్రూపులో ఐదో చోటు

పాసయ్యాను. డిగ్రీ పాసయ్యాను. మూడేళ్ల సబ్జెక్టులన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా. అమ్మవైపు వెతికినా, నాన్నవైపు వెతికినా డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే.

ఫోన్‌లో ఫలితాలు చూసుకునేటప్పటికి బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం కూర్చుని ఉన్నాను. వెంటనే అమ్మకు చేశాను. స్విచ్చాఫ్. పొలం వెళ్లేటప్పుడు ఫోన్ పక్కింట్లో ఛార్జింగుకు పెట్టి వెళ్తుంది. నాన్నది మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ట్రాక్టరు మీద ఉంటే ఆయనకు వినపడదు. నాకేమో నవ్వు ఆగడం లేదు. చెప్పుకుందామంటే ఎవరూ లేరు. పక్కన కూర్చున్న పెద్దావిడ నావైపే చూస్తోంది.

“ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?”

“డిగ్రీ పాసయ్యానండి.”

“మంచిదమ్మా. చదువుకున్నదానివి కదా, ఆ వచ్చేది గుడివాడ బస్సేనేమో కాస్త బోర్డు చూసి చెప్పు.”

గుడివాడ బస్సే. ఆవిడ ఎక్కి వెళ్లిపోయింది. డిగ్రీ వచ్చాక నేను చేసిన మొదటి పని అది.

గుడివాడ అన్న అక్షరాలు చూస్తే నాకు ఇప్పటికీ బాస్కెట్‌బాల్ జట్టే గుర్తొస్తుంది. సెకండియర్‌లో మా చుట్టుపక్కల ఆరు కాలేజీలు కలిసి అమ్మాయిలకు లీగ్ పెట్టుకున్నాయి. దాన్ని అందరూ బందరు గ్రూపు అనేవాళ్లు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి వాళ్ల కోర్టులో, ఒకసారి మన కోర్టులో. మాది దివిసీమ జట్టు. మొత్తం తొమ్మిది మందిమి. అందులో అందరికంటే పొట్టిదాన్ని నేను. నా ఆట ఎక్కువగా బెంచీ మీదే జరిగేది.

అయినా ఆ బెంచీ అంటే నాకు ప్రాణం. మా ఊరి నుంచి ఆ కాలేజీకి వచ్చేది నేనొక్కదాన్నే. క్లాసులో ఎవరి గుంపు వాళ్లది. మధ్యాహ్నం బాక్సు తెరిచి ఒక్కదాన్నే తినేదాన్ని. జట్టులో చేరాకే “రావే, ఇటు జరుగు” అనేవాళ్లు దొరికారు.

సగం ఆటలు అయ్యేసరికి మేము ఆరింట్లో ఐదో చోటులో ఉన్నాం. పామిడిముక్కల మీద తప్ప ఎవరి మీదా గెలవలేదు. ఇక జట్టును ఆపేద్దామని ప్రిన్సిపాల్ గారు అంటున్నట్టు తెలిసింది. నాకు అన్నం సయించలేదు. మా పీఈటీ సారు నన్ను పిలిచి, “బెంచీ మీద కూర్చుని అందరి ఆటా చూసింది నువ్వే. ఆయనకు నువ్వే చెప్పు” అన్నారు.

సారును వెంటబెట్టుకుని వెళ్లి ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడ్డాను.

“ఐదో చోటంట కదమ్మా. ఇంకా ఆడి ఏం చేస్తారు, ఆరో చోటుకెళ్తారా?”

“సార్, గుడివాడ వాళ్లు పైన ఉన్నారు గానీ, ఆడిన ఐదింట్లో నాలుగు వాళ్ల కోర్టులోనే ఆడారండి. బందరు వాళ్లు రెండో చోటు, కానీ నిజానికి వాళ్లే గట్టివాళ్లు, బయటికెళ్లి కూడా గెలిచారు. మన జట్టు ఒక్క ఆట కూడా ఇక్కడ ఆడలేదండి. ఐదూ బయటే. బందరులో ఆఖరి నిమిషం దాకా మనమే ముందున్నాం. ఇప్పుడు మిగిలినవన్నీ ఇక్కడేనండి. లెక్క ప్రకారం మనది మూడో చోటు జట్టు.”

“మరి ఇక్కడ ఒక్కటీ ఎందుకు ఆడలేదు?”

నేను పీఈటీ సారు వైపు చూశాను. సారు కిటికీ వైపు చూశారు. కిటికీలోంచి కోర్టు కనపడుతోంది. ఈ చివరి బోర్డు నుంచి ఆ చివరి బోర్డు దాకా ధాన్యం ఆరబోసి ఉంది. కోత మిషన్లు వచ్చాక ధాన్యం పచ్చిగానే చేతికొస్తుంది, సిమెంటు నేల ఎక్కడుంటే అక్కడ ఆరబోస్తారు. ఆ ధాన్యం రైతుది కాలేజీకి స్థలమిచ్చిన కుటుంబం. అక్కడ పోసుకోమని చెప్పింది ప్రిన్సిపాల్ గారే.

ఆయనా ఒకసారి ధాన్యం వైపు చూశారు. “సరే, గుడివాడ ఆటకు ఖాళీ చేయిద్దాం. అందులో ఓడితే మాత్రం ఇక ఆపేద్దాం” అన్నారు.

ఆట రోజు పొద్దున్నే జట్టంతా వెళ్లి కూలివాళ్లతో కలిసి ధాన్యం బస్తాలకు ఎత్తాం. ఆ కూలివాళ్లలో మా అమ్మ ఉంది. నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏమే, ఈ గీతల కోసమా మా ప్రాణాలు తీస్తున్నావు?”

“ఆ గీత దాటితే బంతి వాళ్లదవుద్దమ్మా.”

“అయితే గీత మీద గింజలున్నాయ్, ఊడు.”

మా కెప్టెన్ పగలబడి నవ్వింది. “పిన్నీ, మీ అమ్మాయి బెంచీ దిగదు గానీ మా అందరి మీదా పెత్తనం చేసుద్దండి.”

“ఇంట్లోనూ అంతే. నోరే ఆడుద్ది” అంది అమ్మ.

ఆట మొదలయ్యాక నా లెక్కలో తప్పెక్కడుందో అర్థమైంది. మన కోర్టు, మన కోర్టు అని ప్రిన్సిపాల్ గారి దగ్గర ఊదరగొట్టాను గానీ, ఆ ఏడాది దాని మీద మేము అడుగుపెట్టిందే లేదు. పక్కన మట్టిలో సాధన చేశాం. మా రింగు ఎంత ఎత్తులో ఉందో మాకే తెలియదు. దానికి తోడు ఎంత ఊడ్చినా ధాన్యం నుసి పోలేదు. రెండు జట్లూ బూట్లతో జర్రున జారుతున్నాయి. ఒళ్లంతా ఒకటే దురద. సగం ఆటకు ఎనిమిది పాయింట్లు వెనకబడ్డాం. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు.

విరామంలో కెప్టెన్ బూట్లు విప్పేసింది. “ఇంటి దగ్గర ధాన్యం తిరగేసేటప్పుడు బూట్లేసుకుంటామా ఏంటి? విప్పండే” అంది. రిఫరీ గుడివాడ జట్టుతో వచ్చిన మేడమ్‌ను అడిగారు. “వాళ్లిష్టం” అని ఆవిడ నవ్వారు. మావాళ్లు నుసి మీద పాదాలు ఈడుస్తూ, పరుగు తగ్గించి, దగ్గర దగ్గరగా బంతి అందించుకోవడం మొదలెట్టారు. గుడివాడ పొడుగమ్మాయి రెండుసార్లు పడింది. మేము రెండు పాయింట్ల తేడాతో గెలిచాం.

అమ్మ కోర్టు అంచున గింజలు ఏరుకుంటూ ఆటంతా చూసిందట. సాయంత్రం ఇంటికొచ్చాక, “ఇంతకీ నువ్వు ఎప్పుడాడావే?” అని అడిగింది. నేను ఆడలేదు. చెబితే, “మరి అంత అరిచావేం?” అంది.

జట్టు ఆగలేదు. నేను అడిగింది దొరికింది. కానీ నేను లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. ఏ జట్టు ఎక్కడ ఆడింది, ఎవరు పొడుగు, ఎవరు ఆఖర్లో అలిసిపోతారు, అన్నీ చూశాను. ఎవరు ఉంటారు, ఎవరు వెళ్లిపోతారు అన్నది చూడలేదు. ఆ గెలుపు తర్వాత కొద్దిరోజులకే కెప్టెన్ రొయ్యల కంపెనీలో చేరింది. తెల్లవారకముందే కంపెనీ బస్సొచ్చి ఎక్కించుకుపోయేది. ఒకమ్మాయికి గుడివాడ వైపు పెళ్లయింది. అక్కాచెల్లెళ్లిద్దరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనికి, వాళ్ల మేనత్త ఇంటికి వెళ్లిపోయారు. ఇంకొకమ్మాయి ఎందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. ఆఖరి ఆట బందరుతో. నేను మొదటిసారి బెంచీ దిగి కోర్టులోకి వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే మేము నలుగురమే. ఐదుగురు లేందే ఆట మొదలుపెట్టరు. బందరు వాళ్లు కాసేపు మాతో ఊరికే బంతి ఆడి, టీ తాగి వెళ్లిపోయారు.

ఐదో చోటులోనే ముగించాం. మరుసటేడు జట్టే లేదు. నాతో మిగిలిన ముగ్గురూ వేరే కాలేజీలకు మారారు. నేను మళ్లీ ఒక్కదాన్నే బాక్సు తెరుచుకుని తిన్నాను. కోర్టు కనపడేచోట కూర్చుని తినేదాన్ని. ధాన్యం ఉన్న రోజుల్లో కాస్త సందడిగా ఉండేది.

అవనిగడ్డ బస్సొచ్చింది. కిటికీ సీటు దొరికింది. పక్క సీటు ఖాళీ. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు.

అమ్మకు, మళ్లీ. పక్కింటి అత్తయ్యకు చేస్తే ఫోన్ ఆన్ చేసి పెడుతుందేమో.

నాన్నకు, ట్రాక్టరు ఆపాక.

పీఈటీ సారుకు. ట్రాన్స్‌ఫరై వెళ్లారు, నంబరు అదే ఉండాలి.

చిలకలపూడి అక్కాచెల్లెళ్లకు. ఇద్దరిదీ ఒకటే ఫోన్.

పెళ్లయినమ్మాయికి. వాళ్లాయన ఎత్తితే “కాలేజీ ఫ్రెండునండి” అని చెప్పాలి.

మానేసినమ్మాయికి. ఆ నంబరు లేదని వస్తుంది, అయినా ఒకసారి.

గుడివాడ పొడుగమ్మాయికి. ఆ రోజు పడ్డాక నేనే మోకాలికి నీళ్లు పోశాను, నంబరిచ్చింది, ఎప్పుడూ చెయ్యలేదు.

కెప్టెన్‌కు. షిఫ్టు అయ్యేదాకా ఫోన్ లాకర్లో ఉంటుంది. సాయంత్రం, కంపెనీ బస్సెక్కాక.