తోక బయటపెట్టిన పురుగులు

ఫెబా పుట్టింది వినుకొండ దగ్గర మిరప కూలీల ఇంట్లో. చిన్నప్పటి నుంచీ ఆమెకు పురుగు కనబడితే వేళ్ళతో నలిపి పారెయ్యడమే తెలుసు. పెళ్ళయి చీరాల పక్క సముద్రపు ఊరికొచ్చాక, అవే వేళ్ళతో పురుగుల్ని పెంచే పని దొరికింది. రొయ్యపిల్లల హేచరీలో తల్లి రొయ్యలకు మేతగా సముద్రపు పురుగుల్ని ఇసుక తొట్లలో పెంచుతారు. వేలెడు పొడవు, ఒంటికి రెండు వైపులా బుల్లి కాళ్ళు, ఒక్కో కాలికీ గరుకు వెంట్రుకలు. మొదటి వారం ఆమెకు అన్నం సయించలేదు.

ఏడేళ్ళు గడిచేసరికి ఆ పురుగుల గుట్టంతా ఆమెకు తెలిసింది. తోక బొరియలోనే ఉంచుకుని తల మాత్రం చాపుతాయి. గొంతును నోట్లోంచి బయటికి తోసి, రెండు కోరలతో మేత పట్టుకుని లోపలికి లాక్కుపోతాయి. నీడ పడిందా, రెప్పపాటులో మాయం.

నిరుడు ఎండాకాలం యజమాని రాధాకృష్ణమూర్తి మేనల్లుడు రఘురామ్ సూపర్‌వైజరుగా వచ్చాడు. వచ్చిన రోజే, "పురుగుమందు కొట్టే చేతులకా పురుగుల పెంపకం అప్పజెప్పింది?" అని అందరి ముందూ నవ్వాడు.

"ఆ చేతులే ఏడేళ్ళుగా మీ తల్లి రొయ్యలకు కూడు పెడుతున్నాయి సార్" అంది ఫెబా.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. ఆమె కూర్చునే స్టూలు తీయించేశాడు. పేరు పెట్టి పిలవడం మానేసి "ఏయ్, పురుగులదానా" అనేవాడు. పిడికెడు మేత చల్లే చోట డబ్బాడు కుమ్మరించమన్నాడు. వద్దంటే వినలేదు; దగ్గరుండి వేయించాడు.

వారం తిరిగేసరికి పన్నెండు తొట్లలోనూ పురుగులు ఇసుక పైకొచ్చి మెలికలు తిరుగుతూ పాకసాగాయి.

"చూశావా, ఆకలికి ఎలా అల్లాడుతున్నాయో! వాటి కడుపు మాడ్చావు. ఇంకా వెయ్యి" అన్నాడు రఘురామ్.

"ఆకలి కాదండీ. ఆకలైన పురుగు తోక బయటపెట్టదు. బొరియ వదిలేసి పాకుతున్నాయంటే కింద ఊపిరాడట్లేదు."

చెయ్యి దించి అడుగు ఇసుక తీసింది. నల్లగా ఉంది, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. "మీరు వేయించిన మేతే ఇది" అని అతని ముఖం ముందు పెట్టింది. అతను ఆ చేతిని విసిరికొట్టాడు. బురద అతని చొక్కా మీదే పడింది.

"రేపట్నించి ఈ గేటు తొక్కావంటే ఊరుకోను!"

అతను చొక్కా కడుక్కునేందుకు వెళ్ళాడు. ఈలోగా ఫెబా ఒక్క తొట్టి పురుగుల్ని కొత్త ఇసుకలోకి, తాజా నీళ్ళలోకి మార్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు యజమాని కబురు పెట్టాడు. పదకొండు తొట్ల పురుగులు చచ్చిపోయాయి. కసితో ఆమె ఏదో మందు కలిపిందని రఘురామ్ చెప్పాడు.

"కలిపావా అమ్మా?" అన్నాడు యజమాని.

"కలిపితే నేను చివర ముట్టుకున్న తొట్టి ఎందుకు బతికిందండీ?"

ఆ తొట్టిలో చిటికెడు మేత చల్లింది. కాసేపటికి ఒక తల, ఇంకో తల బయటికొచ్చాయి. కోరలు మెరిశాయి. రఘురామ్ వంగి చూడబోయాడు. తలలన్నీ ఒక్కసారే లోపలికి పోయాయి.

"వెనక్కి జరగండి. మీ నీడ పడుతోంది" అంది ఆమె, మెత్తగా కాదు.

మామయ్య చూస్తున్నాడు గనక జరిగాడు. రాధాకృష్ణమూర్తి చచ్చిన తొట్టిలో కర్ర దించి, దానికంటిన నల్ల బురద వాసన చూసి, మేనల్లుడి వైపు తిరిగాడు.

ఫెబాకు పని తిరిగొచ్చింది. మేత డబ్బా తాళం తన దగ్గరే ఉండాలంది, ఇచ్చారు. రఘురామ్‌ను మాత్రం తీసెయ్యలేదు, తప్పు ఒప్పుకోమనీ అడగలేదు. ఇప్పటికీ ఇద్దరూ ఒకే షెడ్డులో పొద్దస్తమానం ఉంటారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ భర్త సాల్మన్ అన్నాడు: "ఇక క్షమించెయ్యరాదూ?"

"దేవుడు క్షమిస్తాడేమో అడుగు. నా వల్ల ఇంకా కావట్లేదు" అంది ఫెబా.