కిక్ కొట్టకముందే కొలిచిన వాల్వులు

2022 ఆడి నెల, అంటే జూలై చివర. తమిళనాడులో ధర్మపురి నుంచి పాలక్కోడు పోయే దారిలో నా మెకానిక్ షెడ్డు. నేను ఐటీఐలో చదవలేదు. జిల్లా గ్రంథాలయంలో తమిళం, ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసి, అర్థమైనదంతా తెలుగులో రాసుకొని ఈ పని నేర్చుకున్నాను. అప్పటికి అలాంటి నోటుపుస్తకాలు పదకొండు నిండాయి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ నెలలో తుంబలహళ్లి సుగుణ తన డర్ట్ బైకు తెచ్చింది. పశువులకు టీకాలు వేసే ఉద్యోగం ఆమెది. కొండపల్లెల దారులకు స్కూటరు పనికిరాదని, ఎవరో వాడి అమ్మిన ఫోర్-స్ట్రోక్ బండి కొనుక్కుంది. మధ్యాహ్నం ఒక్క కిక్కుకే పలికే ఆ బండి పొద్దున నలభై కొట్టినా పలకదు. రెండుసార్లు టీకాల పెట్టెలో ఐసు కరిగిపోయింది. ఇంకోసారి ఆలస్యమైతే ఆ పల్లెలను జీపు ఉన్నవాళ్లకు అప్పగిస్తామని పై అధికారి చెప్పేశాడట.

"జీపు రోడ్డు అయిపోయే చోట నిలిచిపోతుందన్నా. ఆవులు ఆ పైన ఉండాయి," అంది.

నాకు వాల్వ్ క్లియరెన్స్ మీద అనుమానం వచ్చింది. వాల్వుకూ, దాన్ని నొక్కే కామ్‌కూ మధ్య వదలాల్సిన వెంట్రుకంత ఖాళీ అది. మామూలు బండ్లలో ఆ ఖాళీ పెరిగితే టకటకమంటుంది, దారిన పోయేవాడికీ తెలుస్తుంది. డర్ట్ బైకుల్లో వాల్వు అరిగి లోపలికి కుంగేకొద్దీ ఖాళీ మూసుకుపోతుంది. శబ్దమే ఉండదు. వాల్వు సరిగా మూతపడక కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపలి ఒత్తిడి, జారిపోయి బండి పలకదు.

మూత విప్పి ఫీలర్ గేజ్ దూర్చాను. పలుచని ఉక్కు ఆకుల కట్ట అది, ఏ ఆకు పడితే ఖాళీ అంత. కొలత సరిగ్గానే ఉంది. ప్లగ్గు మార్చి, కార్బొరేటరు కడిగి పంపాను. మరునాడు పొద్దున ఫోను, మళ్లీ అదే కథ. మధ్యాహ్నం తెచ్చింది. మళ్లీ కొలిచాను. మళ్లీ సరిగ్గానే ఉంది.

మా వైపు బండిని షెడ్డులో వదిలి ఎవరూ పోరు. బల్ల మీద కూర్చొని, టీ తాగుతూ, కళ్లముందే పని చేయించుకుంటారు. అందుకని నేను విప్పిన ప్రతి ఇంజినూ అప్పుడే పరిగెత్తి వచ్చినదే. చెయ్యి కాలకపోతే చల్లారినట్టేనని నా లెక్క.

సుగుణ నా చేతులకేసి చూస్తూ, కొలిచేముందు ఎంతసేపు ఆరనివ్వాలని అడిగింది. చాలినంత ఆరిందన్నాను. ఆమె నవ్వింది.

"ఆవుకు జ్వరం ఎప్పుడు చూస్తామో తెలుసునా అన్నా? పొద్దున్నే, కట్టు విప్పకముందే చూడల్ల. ఎండలో మేసి వచ్చినదానికి చూస్తే మంచి ఆవుకూ జ్వరమే. నువ్వు దీన్ని ఎండలో తోలించి చూస్తా ఉండావు."

ఆమె పోయాక ఐదో నోటుపుస్తకం తీశాను. 'ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.' నా చేతిరాతే, కింద ఎర్ర గీత కూడా ఉంది.

మరునాడు తెల్లవారుతుండగా సామాన్ల పెట్టెతో తుంబలహళ్లి చేరాను. సుగుణ అత్త పాలు పితుకుతోంది. "ఊరి ఆవులకు మా కోడలు, కోడలి బండికి నువ్వు. నా మోకాళ్లకు ఎవరొస్తారప్పా?" అంది.

సుగుణను కిక్కు ముట్టుకోనివ్వలేదు. సీటు, ట్యాంకు, మూత విప్పి, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పై అంచుకు వచ్చేలా ఇంజిన్‌ను చేత్తో తిప్పి, కామ్ గుర్తులు కలిపాను. పెట్రోలు లోపలికి వదిలే వాల్వులు రెండు. వాటిలో ఎడమదాని దగ్గర అన్నిటికన్నా సన్నని ఆకు కూడా దూరలేదు. వేడికి, వాల్వులు కూర్చునే అల్యూమినియం హెడ్డు సాగి ఆ ఖాళీని తెరిచి చూపిస్తోంది. చల్లారితే అది ఉండదు. నేను రెండుసార్లు కొలిచింది పొద్దుటికి ఉండని ఖాళీని.

"దొరికిందా అన్నా?"

"దొరికిందమ్మా."

ఖాళీని సరిచేసేది షిమ్, వాల్వు కొసన పెట్టే, చొక్కా గుండీ కన్నా చిన్న ఉక్కు బిళ్ల. వేర్వేరు మందాల బిళ్లలు బెంగళూరు నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె బస్సు దిగి, పెట్టె మోసుకుంటూ కొండ ఎక్కింది. ఖాళీయే లేనప్పుడు ఎంత తక్కువో తెలియదు కనుక, ముందు బాగా పలుచని బిళ్ల పెట్టి కొలిచి, దాన్నిబట్టి సరైనది ఎంచాను. ఇంజిన్ నాలుగైదు చుట్లు తిప్పి మళ్లీ కొలిచాను. సరిపోయింది. అరుగుదల ఆగదనీ, త్వరలోనే మళ్లీ మూసుకుపోతే వాల్వులే మార్చాలనీ దాచకుండా చెప్పాను. కొలతలు తమిళంలో రాసిచ్చాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు అక్షరాలు రావు.

మరునాడు పొద్దున ఫోను మోగింది. ఎత్తాను. ఒక కిక్కు వినిపించింది. రెండో కిక్కుకు ఇంజిన్ అందుకుంది.

"పైకి పోతా ఉండానన్నా," అంది.

ఇప్పుడు నా షెడ్డులో ఒక బోర్డు ఉంది. వాల్వుల పనికి బండిని ముందురోజే వదిలి పోవాలి. గొణుక్కుంటారు, వదిలిపోతారు. రాసుకున్నది వేరు, ఆచరించడం వేరని పదకొండు నోటుపుస్తకాల తరువాత నేర్చుకున్నాను. పన్నెండో దాని మొదటి పేజీలోని మాట ఏ గ్రంథాలయంలోనూ దొరికింది కాదు: 'కట్టు విప్పకముందే చూడల్ల.'