ఉస్తాద్‌కు నేను తెచ్చిన మాత్రలు

జనవరి రెండో వారంలో సరిహద్దు మీది సైనిక పోస్టుకు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. మిట్టమధ్యాహ్నం మైనస్ పదిహేను. వీపు మీద వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలతో కలిపి ఇరవై రెండు కిలోలు. బంకర్లో తొమ్మిదిమందిమి. మా సెక్షన్ కమాండర్ హవల్దారును అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనది జంషెడ్‌పూర్‌లో పర్సుడీహ్, నాది గోల్‌మురి; రెండూ తెలుగువాళ్ళుండే పేటలే.

"గోల్‌మురీవోడివా? అయితే నిన్ను తెలుగులోనే తిడతాన్లే," అన్నాడు.

ఆయన నడుం ఎప్పుడో దెబ్బతింది. పదేళ్ళుగా పొద్దున టీతో ఒక నొప్పి మాత్ర, గస్తీకి ముందు ఇంకొకటి. పోస్టులో మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంటు అన్ని ఇవ్వడు. అందుకని సెలవు నుంచి వచ్చే ప్రతివాడూ సెక్షనుకు మిఠాయి, ఉస్తాద్‌కు మాత్రలు తేవడం మా ఆనవాయితీ. మార్చిలో సెలవు నుంచి వస్తూ నేను గోల్‌మురి బజారు నుంచి ఐదు స్ట్రిప్పులు తెచ్చి, ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. మంచు కరిగించడానికి కిరోసిన్ ఖర్చని ఆయన నీళ్ళు కూడా సరిగా తాగేవాడు కాదు. తన వాటా మా ఫ్లాస్కుల్లో పోసేవాడు. ఆ మాత్రలూ, నీళ్ళు తాగకపోవడమూ కలిస్తే కిడ్నీలకు ఎంత కీడో మాకు తెలియదు.

ఏప్రిల్లో ఒక పొద్దున ఏడింటికి, బంకరు వెనక మంచులో ఎర్రటి మరక చూశాడు నర్సింగ్ అసిస్టెంటు. ఒక్కొక్కరినీ అడిగాడు. ఉస్తాద్ ఒప్పుకున్నాడు.

"నెల్రోజుల్నుంచి ఒంటేల్లో రగతం పడతంది. నొప్పి లేదుకదాని ఊరుకున్నాను," అన్నాడు నాతో.

మాత్రలు బంద్, వెంటనే కిందికి దిగాలి అన్నాడు నర్సింగ్ అసిస్టెంటు. నేను వైర్‌లెస్‌లో కింద బేస్‌కు చెప్పాను.

"స్ట్రెచర్ పార్టీ కావాలా? ఓవర్," అని బేస్ నుంచి అడిగారు.

"వద్దని సెప్పు," అన్నాడు ఉస్తాద్. "నన్ను మొయ్యడానికి నలుగురు దిగితే ఇక్కడ కాపలా ఎవుడు కాత్తాడు? నడిసే పోతాను."

"ఉస్తాద్, ఆ మాత్రలు నేనే తెచ్చినాను గదా," అన్నాను.

"నేనడిగితే తెచ్చినావు. నీ తప్పేటుంది? మిగిలినవి ఎవుడికీ ఇవ్వకు," అంటూ మూడు స్ట్రిప్పులు నా చేతిలో పెట్టాడు.

అక్టోబరులో ఇల్లు చేరగానే పర్సుడీహ్ వెళ్ళాను. ఉస్తాద్‌కు కిడ్నీ నుంచి దిగే మూత్రనాళంలో క్యాన్సర్. ఆ నాళంతోపాటు ఒక కిడ్నీ తీసేశారు. రెండోది సగమే పనిచేస్తోంది. కిడ్నీలు పాడవడానికి ఏళ్ళ తరబడి మింగిన మాత్రలే కారణమన్నారు డాక్టర్లు. క్యాన్సర్‌కు కూడా అవే కారణమని చెప్పలేం, కాదనీ అనలేం అన్నారు. ఇప్పుడాయన వీధిలో ఎవరు మోకాలి నొప్పన్నా డాక్టరు దగ్గరికి తరుముతుంటాడు. అలాంటి మనిషి కింద పనిచేశానని నాకు గర్వం.

ఆయన దిగిపోయిన రోజే నా కళ్ళలో ఉండిపోయింది. మూడు గంటల దారి. మాత్ర లేదు. మలుపు దగ్గర ఆగి, రెండు చేతులతో నడుం పట్టుకుని వంగిపోయాడు. తల తిప్పాడు. మేమంతా చూస్తున్నామని గమనించాడు. చేతులు తీసేసి, నిటారుగా నిలబడి, మామూలుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.