రేకు చుట్టిన సైలెన్సరు

నా చిన్నప్పుడు మా చిన్నాయన వ్యానులో వెనక సీటులో కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ వాంతి చేసుకునేవాళ్ళు. తిరుపతిలో యాత్రికులను ఎక్కించుకుని కొండమీదికి చేర్చడం ఆయన పని. బండి కదిలేముందే వెనక సీటువాళ్ళ చేతిలో తలా ఒక నిమ్మకాయ పెట్టేవాడు. ఘాట్‌రోడ్డు మలుపులు కొందరికి పడవు, వాసన చూస్తా ఉండండి అనేవాడు. ఎంత మంచి మనిషో అని జనం మురిసిపోయేవాళ్ళు. పైకి చేరాక వాంతి చేసుకున్నవాళ్ళే సిగ్గుతో తల దించుకుని, నీళ్ళు తెచ్చి సీటు కడిగి, ఏమీ అనుకోవద్దని ఆయనకు చెప్పి మరీ పోయేవాళ్ళు. వాళ్ళు ఆయనకు చెప్పడమేమిటండీ! అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండిపోతుంది.

అసలు సంగతి ఏమిటంటే ఆ వ్యాను సైలెన్సరు గొట్టం తుప్పు పట్టి, సరిగ్గా వెనక సీటు కిందికొచ్చే చోట చిల్లు పడింది. మొదట్లో బండి ఊరు అదిరిపోయేలా మోత పెట్టేది. కొత్తది వేయించకుండా మా చిన్నాయన ఒక పాలపొడి డబ్బా కత్తిరించి, చిల్లుమీద బంకమట్టి మెత్తి, దానిపైన ఆ రేకు చుట్టి, ఇనుప తీగతో బిగించాడు. మోత ఆగిపోయింది. చంద్రగిరిలో మా వీధి వీధంతా వచ్చి ఆ పనితనం చూసి మెచ్చుకుంది. మట్టి ఎండి రాలిపోయినప్పుడల్లా మళ్ళీ కొంచెం మెత్తేవాడు. ఎవరైనా అడిగితే ఈ సీజను పోనీ, మార్చేస్తా అనేవాడు. ఎన్ని సీజన్లు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. ఆగింది మోత ఒక్కటేనని, పొగ ఎటు పోతున్నదో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. మా నాయనకు కూడా తోచలేదు.

మా అవ్వ, అంటే నాయనకూ చిన్నాయనకూ తల్లి, ఆ వ్యాను ఎప్పుడూ ఎక్కలేదు. కొండకు నడిచే పోవాలని ఆమె మొక్కు. ఎన్నో ఏళ్ళు మెట్లెక్కే పోయింది. మా తమ్ముడికి ఐదో ఏట పుట్టువెంట్రుకలు తీయించాలని అందరం బయలుదేరిన ఏడు మాత్రం ఆమె మోకాళ్ళు వాచిపోయి, తప్పనిసరై వ్యాను ఎక్కింది. ముందర చిన్నాయన, మధ్య సీటులో అమ్మా నాయనా, వెనక సీటులో అవ్వా నేనూ తమ్ముడూ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సన్నగా తుంపర పడుతోంది, చలిగాలి. అద్దాలన్నీ మూసేశారు. మా ముగ్గురికీ నిమ్మకాయలు అందాయి.

నాలుగైదు మలుపులు దాటేసరికి నా తల దిమ్మెక్కింది. తమ్ముడు అప్పటిదాకా కోతులను లెక్కపెడుతున్నవాడు కాస్తా అవ్వ ఒళ్ళోకి ఒరిగిపోయాడు. నిద్రపోయాడు లే, గుండు చేయించే చోట లేపుదామని అమ్మ అంది. అవ్వ వాడి చెంప తట్టింది. భుజం పట్టి కుదిపింది. నిమ్మకాయ వాడి చేతిలోనించి జారి కింద పడిపోయింది. ఇంకోసారి గట్టిగా కుదిపింది. వాడి మెడ నిలబడలేదు. నాకు ఆ మెడ ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

బండి ఆపమని అవ్వ అరిచింది. "ఈడ ఆపకూడదు మా, పోలీసోళ్ళు ఊరుకోరు" అన్నాడు చిన్నాయన. అవ్వ చేతికర్ర అందుకుని, మధ్య సీటు మీదుగా చిన్నాయన భుజంమీద ఒక్కటి వేసింది. అప్పుడు ఆగింది బండి. తమ్ముణ్ణి ఎత్తుకుని నాయన రోడ్డు పక్క పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాడు. అమ్మ ఏడుస్తూ వాడి ముఖంమీద నీళ్ళు చల్లింది. ఆ చలిగాలిలో ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నేను మాత్రం ఏడుకొండలవాడికి నా జుట్టు కూడా ఇచ్చేస్తానని మొక్కేసుకున్నాను. చివరికి వాడు దగ్గి, భళ్ళున కక్కి, ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

అప్పుడు మా చిన్నాయన ఊపిరి పీల్చుకుని ఏమన్నాడో తెలుసా? "సూసినారా, పిల్లోనికి ఘాట్ పడలే" అన్నాడు. మా నాయన అవునన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపినందుకు నేను నాయనమీద చాలా ఏళ్ళు లోపల్లోపల కోపం పెట్టుకున్నాను.

అవ్వ తిడుతుందనుకున్నాం. ఆమె తిట్టలేదు. గొంతు మెత్తగా చేసింది. "అట్నేలే నాయనా. నాకూ తల పగిలిపోతా ఉండాది. చలికి ఇంజను ఆపొద్దు, అట్నే తిరగనీ. నువ్వొచ్చి రవ్వంత సేపు నా పక్కన కూసో" అంది. ఆయన పోయి వెనక సీటులో కూర్చున్నాడు. అవ్వ తానూ ఎక్కి, తలుపేసి, అద్దం బిగించి, కింద పడిన నిమ్మకాయ తీసి కొడుకు చేతిలో పెట్టింది. రెండో చెయ్యి తన చేతిలో పట్టుకుంది.

మేం బయట నిలబడి అద్దంలోంచి చూస్తున్నాం. ఈ నెలలో ఈ సీటులో ఎవరెవరు కూర్చున్నారని ఆమె అడిగిందట. ఆయన హుషారుగానే మొదలుపెట్టాడట. సత్యవేడు నుంచి వచ్చిన ముసలి దంపతులు. చంటిబిడ్డతో ఒక పచ్చి బాలింతరాలు. ఎవరో కాలేజీ పిల్లలు. చెబుతూ చెబుతూ ఆయన మాట నెమ్మదించింది. నుదుటిమీద చెమట పోసింది. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకాసేపటికి ముఖం పాలిపోయి తలుపు పిడి కోసం తడుముకున్నాడు. అవ్వ చెయ్యి వదల్లేదు. ఆమె ముఖం కూడా వాడిపోయింది, అయినా వదల్లేదు. అప్పుడు మాత్రం ఆమె గొంతు బయట మాకు కూడా వినబడింది.

"ఏమిరా? బండి నిలబడే ఉండాది గదా! మలుపు యాడుండాదిరా?"

ఆమె చెయ్యి వదలగానే ఆయన బయటికి దూకి, పిట్టగోడ పట్టుకుని, మా తమ్ముడు కక్కిన చోటే కక్కాడు. అవ్వ మెల్లగా దిగి, కాసేపు గాలి పీల్చుకుని, నీళ్ళ చెంబు ఆయన ముందు పెట్టింది. "చంటిబిడ్డ అన్నావే. ఆ బిడ్డ కొండ దిగి ఇంటికి పోయిందో లేదో కనుక్కున్నావా?" అని అడిగింది. వాళ్ళెవరో, ఏ ఊరో కూడా ఆయనకు తెలియదు.

దారిన పోయే బస్సువాళ్ళు జాలిపడి మమ్మల్ని ఎక్కించుకున్నారు. చిన్నాయన అద్దాలన్నీ దించుకుని ఖాళీ బండితో వెనక వచ్చాడు. మర్నాడే సైలెన్సరు మార్పించాడు. మా తమ్ముడికి గుండు అయింది, నా మొక్కు కూడా తీరింది. ఇప్పుడు వాడికి మనవళ్ళున్నారు.

కానీ నా కోపం అక్కడితో తీరలేదు. మా వాళ్ళు దాన్ని నవ్వులాటగా మార్చేశారు. ఏ పెళ్ళిలో కూర్చున్నా, అవ్వ కొడుకుని కక్కించిన కథ చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. చిన్నాయన కూడా నవ్వేవాడు. ఆ చంటిబిడ్డ మాట మాత్రం ఆ కథలో ఎవరూ చెప్పరు. ఆ పొగ పీల్చి, తమదే తప్పనుకుని, సీటు కడిగిపెట్టి పోయిన జనాల మాట అసలే చెప్పరు.

మొన్న నా మనవరాలు స్కూలు వ్యాను దిగి తలనొప్పి అంది. మూడు రోజులుగా అదే మాట. టిఫిను సరిగా తినదు, అందుకే అని వాళ్ళమ్మ కోప్పడుతోంది. నేను పోయి, ఆ వ్యాను వెనక నడుం వంచి చూశాను. రేకు. ఇనుప తీగ. మట్టికి బదులు ఏదో తెల్లటి ముద్ద, అంతే తేడా! ఇన్నేళ్ళు పోయినా ఆ దిక్కుమాలిన రేకు నన్ను వదల్లేదు.

డ్రైవరు మంచి పిల్లవాడే. "టెంపరవరీనే అవ్వా, సెలవుల్లో మార్చేస్తాం" అని నవ్వాడు. నేను ఎక్కి వెనక సీటులో కూర్చున్నాను. "పెద్దదానివి, ఆడెందుకు అవ్వా, ముందర కూసో" అన్నాడు మర్యాదగా. ముందు సీటు నాకెప్పుడూ ఇస్తారు. అక్కడ గాలి బాగానే ఉంటుంది. నేను ఏ బండి ఎక్కినా అక్కడ కూర్చోను, పిల్లలను కూర్చోబెట్టే చోటే కూర్చుంటాను.

"నాకు ఈడే బాగుండాది. ఇంజను ఆన్ చేసి, అద్దాలేసి, నువ్వే వచ్చి నా పక్కన కూసో నాయనా" అన్నాను, వాడి చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి చాపి.