రెండు జతల మేజోళ్ళు

ఈ పొద్దున వానలో తడిసి వచ్చిన మనవరాలు గడపలోనే కూలబడి, రబ్బరు బూటులోంచి కాలు ఊడిరాక "ఇరుక్కుంది నానమ్మా!" అని రాగం ఎత్తుకుంది. నేను నవ్వాను. నేను నవ్వితే మా ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుంటారు. వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చిన మా కోడలు పిల్ల కాలు చూసి, నా మొహం చూసి, తనూ నవ్వింది. ఆ నవ్వు సంగతి మా ఇద్దరికే తెలుసు.

అప్పటికి ఈ పిల్ల పుట్టలేదు. ఊళ్ళో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ మాటే. మా మెట్టుగూడ సందులోకి ఆఫీసు కారు ఒకటి వచ్చి, మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ జరుగుతూ హారన్ కొట్టేది. కోడలు టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తేది. సాయంత్రం అదే కారు దింపితే నేను గేటుకు గొళ్ళెం పెట్టేదాన్ని. మళ్ళీ పొద్దున హారన్ వినబడితేనే తీయడం. అది పద్ధతి అనుకున్నాను. ఇంకో పేరు ఉండొచ్చని తోచలేదు. మా అబ్బాయి ఏ మాటకైనా "అమ్మనడుగు" అని తప్పుకునేవాడు.

అలాంటి రోజుల్లో కోడలు వచ్చి, ఆఫీసు ఆడపిల్లలంతా హిమాలయాల వైపు వెళ్తున్నారనీ, అక్కడ మంచు వాలుల మీద కాళ్ళకు పలకలు కట్టుకుని జారతారనీ, తనూ వెళ్తాననీ అడిగింది.

"జారి పడెతందుకు గంత దూరం పోవాల్నా? మన బాత్రూంల సబ్బునీళ్ళు సాల్తలేవా?" అన్నాను. ఆమె నవ్వలేదు. అడగడం అదే మొదటిసారి. అందుకే కాదనడానికి నోరు రాలేదు, సరే అనడానికీ రాలేదు.

విదేశంలో ఉండి వచ్చిన స్నేహితురాలి దగ్గర బూట్లు అడిగి తెచ్చుకుంది. బూట్లంటే అవి బూట్లా? పిక్కల దాకా గట్టి ప్లాస్టిక్, ఒక్కోదానికి నాలుగు ఇనుప కొక్కేలు. పరాయివాళ్ళు తొడిగినవి కడగకుండా గడప దాటించకూడదన్నది మా అత్తగారి నాటి ఆచారం. ఆమె ఆఫీసుకు వెళ్ళగానే సబ్బు నీళ్ళ బకెట్లో రెండింటినీ నిండా ముంచేశాను.

సాయంత్రం చూసి కోడలు నెత్తి పట్టుకుంది. "గివి ముంచేటివి గావత్తమ్మా! లోపల దూదిలెక్క ఉంటది. నీళ్ళు పట్టిందంటే మంచుల కాళ్ళు గడ్డగడ్తయి."

తప్పు నాదని తెలిసీ తీర్పు నేనే చెప్పాను. "రెండు దినాలున్నయి గద. ఆరినయా, పో. పచ్చిగున్నయా, నేను పంప."

ఆరబెట్టడం మాత్రం నాకు వచ్చిన పనే. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసేవారు. వానాకాలం రెండు బూట్లనిండా నీళ్ళతో వచ్చేవారు. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుంది. పాత పేపరు నలిపి కుక్కాలి, తడి పీల్చగానే మార్చాలి. వీటి లోపల ఇంకో మెత్తటి బూటు ఉందని కనిపెట్టి, దాన్ని ఊడబెరికి, నీడలో గాలికి పెట్టి, కాగితాలు మార్చుతూ కూర్చున్నాను. చిత్తు కాగితాలవాడి కోసం కట్టిపెట్టిన బొత్తి సగం ఖర్చయింది.

ప్రయాణం నాటి మధ్యాహ్నానికి రెండూ ఎండుగడ్డిలా ఆరాయి. నాకు సంతోషం కలగలేదు. ఆపడానికి ఇక వంకేమీ మిగల్లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు పైగడియ వేసి, అసలివి కాళ్ళకు వెచ్చగా ఉంటాయో లేదో చూద్దామని తొడిగాను. వర్క్‌షాపులో ఇచ్చే బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే, మా ఆయన రెండు జతల మేజోళ్ళు వేసుకుని తొడిగేవారు. బూటంటే రెండు జతలనే నా లెక్క. పెట్టెలోంచి ఆయన ఉన్ని మేజోళ్ళు తీసి, ఒకదాని మీద ఒకటి వేసుకుని, కాళ్ళు బలవంతంగా దూర్చి, కొక్కేలన్నీ చివరి పన్నుదాకా బిగించాను.

బిగించడం వచ్చింది. విప్పడం రాలేదు. లాగాను, గుద్దాను, చేతికందిన అట్లకాడతో పొడిచాను. కొక్కెం మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది కానీ నా మూడో తరగతి చదువు అక్కరకు రాలేదు. లేద్దామంటే చీలమండ వంగదు, నున్నటి షాబాద్ బండల మీద కాలు నిలవదు. హాల్లో ఫోను మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. కాలివేళ్ళు మొద్దుబారాయి. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది, నేనే వేసిన గొళ్ళెంతో. నా ఇంట్లో నేను మంచంకోడులా ఉండిపోయాను.

అలా మూడు గంటలు గడిచాక, ఎవరో గేటు మీంచి చెయ్యి పెట్టి గొళ్ళెం తీసిన చప్పుడు, వెంటనే తలుపు చప్పుడు. "అత్తమ్మా! ఫోన్ సుత ఎత్తుతలేరు, ఏమైంది?" ఆ గొంతులో భయం విని నేల మీద కూర్చునే జరుగుతూ వెళ్ళి, గోడ పట్టుకుని లేచి, గడియ తీశాను.

ఆమె నవ్వలేదు. బండల మీద కూర్చుని కొక్కెం కింద వేలు పెట్టి పైకెత్తింది. టక్కుమని ఊడింది. అంతే కిటుకు. తెల్లబడ్డ నా కాలివేళ్ళను అరచేతుల్లో పెట్టి రుద్దుతూ, "రెండు జతలేస్తే ఇంక సల్లవడ్తయి అత్తమ్మా. నెత్తురు ఆడదు. ఒక్కటే, పల్చటిది ఎయ్యాలె. వేళ్ళు కదిలెతందుకు జాగ ఉంటెనే వెచ్చగుంటది" అంది.

తర్వాత లోపలి బూటులో చెయ్యి పెట్టి చూసి, లేచి వెళ్ళింది. సర్దిన సంచి తెరిచి స్వెట్టర్లు బయటికి తీయసాగింది. నా మీద అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఏం జేస్తున్నవే?"

"పచ్చిగైనయి. తడిగుంటే పోవద్దని మీరే అన్నరు గద."

నేను అన్న మాట నా మెడకే చుట్టుకుంది.

"నేనన్నది నీళ్ళ తడి. గిది నా చెమట. లెక్కకు రాదు. స్వెట్టర్లు లోపల వెట్టు."

ఆటోలో ఆ మెత్తటి బూట్లు రెండూ నా ఒళ్ళోనే. మెట్టుగూడ నుంచి స్టేషన్ ఎంత దూరం? ఆ కాస్త దూరంలోనే రెండుసార్లు కాగితాలు మార్చాను. రైలు కిటికీ ఊచల దగ్గర నిలబడి, "సంచిల కుక్కిపెట్టకు, గాలికి పెట్టు. ఆడ సుత పొయ్యి కాడ పెట్టకు" అని చెబుతుంటే, లోపలినుంచి ఆఫీసు పిల్ల ఒకతె, "ఆంటీ, మీరు సుత రాండ్రి, అందరివీ ఆరవెడుదురు!" అంది. బోగీ అంతా నవ్వింది. మా కోడలు అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

బండి కదిలి వెళ్ళాక ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కేసుకున్నాను. మా కోడలు నా గడప తొక్కి అప్పటికి మూడేళ్ళు. నేను ఇరుక్కున్నది మూడు గంటలు.